ఎడమ చెవిలో చెప్పిన మాట

తొట్టిలోంచి తీసిన శంఖాన్ని మాయక్కాళ్ నోరు కిందికి వంచి గట్టిగా కుదిపింది. లోపలి మెలికల్లో ఎక్కడో చిక్కుకున్న ఇసుక నీళ్లతో పాటు జారి ఆమె అరచేతిలో పడింది. "చాల్లే, ఇంగ విడు," అని శంఖాన్ని మందలించి, దాన్ని మళ్లీ నీళ్లలో ముంచి, కుంకుడు నురుగు పట్టించి మెత్తటి కుంచెతో తోమసాగింది.

కోవిల్‌పట్టి బజారులో రామకృష్ణన్ పూజా సామాన్ల కొట్టుకు వెనక పెరడు అది. ముందు వైపు కర్పూరం, అగరొత్తులు, బేరాలు, రద్దీ. వెనక ఒక కొళాయి, ఒక సిమెంటు తొట్టి, రేకుల చూరు. చూరు కింద పరిచిన గోనెల మీద శంఖాలు నీడన ఆరుతుంటాయి. ఎండలో పెడితే మెరుపు పోతుందని మాయక్కాళ్ ఒప్పుకోదు. చింతపండుతో తోముదామన్నవాళ్లను పెరట్లోకే రానివ్వదు. ఇత్తడి చెంబుకు పులుపు మంచిదేమో గాని శంఖానికి అది పురుగు లాంటిది, పైపొరను తినేస్తుంది.

కొత్తగా వచ్చిన శంఖం తెల్లగా ఉండదు. గోధుమ రంగు తోలు కప్పుకుని, పైన సున్నపు పొక్కులు కట్టుకుని, ఎండిన వంకాయలా ఉంటుంది. రోజూ నీళ్లు మార్చి నానబెట్టి, వెదురు బద్దతో ఆ తోలు గీకాలి. గీకే కొద్దీ అడుగున తెలుపు బయటపడుతుంది. ఆ మొదటి తెలుపు కనిపించినప్పుడల్లా మాయక్కాళ్‌కు సంతోషం. ఇన్నేళ్లయినా ఆ సంతోషం పాతబడలేదు. చిన్నప్పటి నుంచి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పెట్టెలు అంటించిన చేతులవి. ఎన్ని వేల పెట్టెలు అంటించినా ఏ పెట్టెనూ ఆమె రెండోసారి చూడలేదు. శంఖాలు అలా కాదు. ఒకదాని నడుము లావు, ఒకదాని తోక పొడుగు, ఒకదాని పెదవి లోపల గులాబీ రంగు, ఇంకోదానికి నారింజ రంగు. ఏ రెండూ ఒకటి కావు.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటుంది. యాభైకి దగ్గర పడుతోంది. నీళ్లలో నాని నాని వేళ్ల చివర్లు ఎప్పుడూ ముడతలు పడే ఉంటాయి. పెళ్లి కాలేదు. చిన్నతనంలో చీము కారి ఎడమ చెవి పోయింది. చూడవచ్చినవాళ్లు అడిగినవాటిలో సగం ఆమెకు వినిపించక ఊరికే నవ్వేది. పిల్ల మందమతి అనుకుని వాళ్లు లేచిపోయేవారు. తరవాత అమ్మ మంచాన పడింది, అన్న పోయాడు, వయసు దాటింది. ఆ సంగతి తలుచుకుని ఏడ్చే అలవాటు ఆమెకు లేదు. వదిన పాండిసెల్వితో ఒకే పొయ్యి మీద వండుకుంటూ, పగలంతా శంఖాలతో గడిపేస్తోంది.

కొట్టు వైపు నుంచి రామకృష్ణన్ తమిళంలో ఏదో అరిచాడు. ఆయనకు ఆమె మీద దయే గాని, ఎప్పుడూ ఎడమ వైపు నుంచే అరుస్తాడు. మాయక్కాళ్ తల తిప్పేసరికి కుళందైసామి మూట దించుతూ కనిపించాడు.

కుళందైసామి తూత్తుకుడిలో శంఖాల గోదాములో పని చేస్తాడు. మునిగేవాళ్లు తెచ్చిన కుప్పలోంచి బతికున్నప్పుడు పట్టిన శంఖాలను, చచ్చి సముద్రం అడుగున పడి సున్నం దేలిన వాటిని వేరు చెయ్యడం అతని పని. నాగలాపురం పక్క మనిషి. వానలు లేక చేను బీడు పడితే పడుచు వయసులోనే ఉప్పుమడుల్లో కూలికి వెళ్లాడు. ఆ ఉప్పు మెరుపు చూసి చూసి కళ్లు ఎప్పుడూ చికిలించే ఉంటాయి. భార్య పోయి చాలా కాలమైంది. కూతురిని శ్రీవిల్లిపుత్తూరులో ఇచ్చాడు.

అతను తొట్టి చుట్టూ నడిచి వచ్చి, మాయక్కాళ్ కుడి పక్కన గొంతు కూర్చున్నాడు.

మొదటిసారి వచ్చినప్పుడూ అంతే. చెవి సంగతి అతనికెవరూ చెప్పలేదు. ఆమె తల తిప్పే తీరు చూసి మాట మధ్యలో ఆపి, లేచి, ఇటు పక్కకు వచ్చి కూర్చున్నాడు. గొంతు పెంచలేదు. పైగా తెలుగులో మాట్లాడాడు. ఇంటి గడప దాటితే తమిళమే మాట్లాడే మాయక్కాళ్‌కు ఆ రోజు బజారు మధ్యలో తమ ఇంటి వాకిలి తెరుచుకున్నట్టయింది.

"ఏమి, బాగుండావా?"

"ఉండాను. ఈ తూరి సంగులు మేలుగా ఉండాయా?"

"నువ్వే చూసి చెప్పల్ల."

ఆమె ఒకటి తీసి గోటితో మీటింది. కంగుమంది. నోట్లో వేలు పెట్టి తడిమింది. నడిమి కాడ మీద మడతలు వరసగా తగిలాయి. అరుదుగా దొరికే కుడి మెలిక శంఖం, వలంపురి, కావాలంటూ వచ్చేవాళ్లకు ఆమె చూపించే గుర్తు అదే. మెలిక కుడికి తిరిగినంత మాత్రాన అయిపోదు, లోపల ఈ మడతలుండాలి. అవి లేనిది వేరే ఏదో గవ్వ జాతి. నిజమైన వలంపురి ఆమె చేతికి ఇంతవరకు రాలేదు. రాకపోయినా లోటనిపించలేదు. తన శంఖాలన్నీ ఎడమ మెలికవే, తన చెవిలాగే, అని ఒకసారి నవ్వింది కూడా.

"బాగుండాయి," అంది.

ఆ రోజు ఆదివారం. మరునాడు కార్తీక సోమవారం. విరుదునగర్ దగ్గర ఒక పల్లెలో చాలా ఏళ్ల తరవాత శివుడికి నూట ఎనిమిది శంఖాలతో అభిషేకం చేయదలచారు. గుడి శంఖాలు మూటగట్టి మూలన పడి ఉన్నాయట. వాటిని చూసి, శుభ్రం చేసి, పనికిరానివాటికి బదులు కొత్తవి పెట్టి రావాలి. రామకృష్ణన్ ఇద్దరినీ పంపుతున్నాడు.

బస్సులో ఎడమ వైపు సీటు చూసి, కిటికీ పక్క ఆమెను కూర్చోబెట్టాడు కుళందైసామి. అలా కూర్చుంటే ఆమె మంచి చెవి అతని వైపు ఉంటుంది. శంఖాల మూట ఇద్దరి కాళ్ల దగ్గర. సాత్తూరు దాటాక సన్నగా వాన మొదలైంది. ముందే కురిసిన వానలకు నల్లరేగడి చేలు తడిసి మెరుస్తున్నాయి. మొక్కజొన్న మోకాలెత్తు లేచింది. ఈ మధ్య మునిగేవాళ్లకు పెద్ద శంఖాలు దొరకడం లేదని అతను చెప్పాడు. మరీ చిన్నవాటిని పట్టకుండా వదిలెయ్యాలని ఆమె అంది. వదిలేస్తున్నారని అతను చెప్పాడు. ఆమెకు తృప్తి కలిగింది.

మాయక్కాళ్ మనసులో ఒక సంగతి ఉంది. వచ్చిన ప్రతిసారీ ఎప్పుడూ కుడి పక్కనే కూర్చునే ఈ మనిషి, వెళ్లబోయే ముందు మాత్రం ఏదో వంక పెట్టి ఎడమ పక్కకు వస్తాడు. గోనె సర్దుతున్నట్టో, కొళాయి కట్టేస్తున్నట్టో వంగుతాడు. పెదవులు కదులుతాయి. ఊపిరి ఆమె చెంపకు తగులుతుంది. మాట వినిపించదు. మొదట్లో ఒకసారి "ఏమి?" అని అడిగింది. "ఏమీ లేదు, సుమ్మా," అని గబగబా వెళ్లిపోయాడు. ఆ తరవాత అడగలేదు. అడిగితే ఆ ఊపిరి కూడా రాకుండా పోతుందేమోనని.

విరుదునగర్‌లో దిగి ఇంకో బస్సెక్కి, ఆ పల్లె దగ్గర దిగి నడిచారు. రేగడి మట్టి చెప్పులకు అంటుకుని అడుగడుగుకూ మందమవుతోంది. కొంతదూరం పోయేసరికి ఇద్దరూ అర జానెడు పొడుగయ్యారు. మాయక్కాళ్ జారబోయి అతని భుజం పట్టుకుంది. అతను మూటను పట్టుకున్నాడు.

"సంగులను పట్టుకొంటివే గాని నన్ను పట్టుకోలేదు," అంది నవ్వుతూ.

"నువ్వు పడితే లేస్తావు. అవి పగిలిపోతాయి గదా."

గుడి చిన్నది. పెత్తనం చేసే సెంథిల్‌కుమార్ అనే పడుచువాడు మూట చూపించి, టీ పంపిస్తానని చెప్పి, పందిరి పనుల మీద వెళ్లాడు. మండపంలో ఒక ముసలావిడ స్తంభానికి ఆనుకుని పూలు కడుతోంది. పేరు వళ్ళియమ్మాళ్ అని, గుడి చిమ్మి దీపం పెట్టేది ఆవిడేనని వెళ్తూ వెళ్తూ అతనే చెప్పాడు.

మూట విప్పగానే ముక్కిన వాసన కొట్టింది. ఎప్పటి గంధమో రాయిలా గడ్డ కట్టింది. కొన్నిటిలో చీమలు పుట్టలు పెట్టాయి. కొన్నిటిని పాత వార్తాకాగితాల్లో చుడితే అక్షరాలు తిరగబడి పెంకు మీద అచ్చు పడ్డాయి. చాలావాటి మెరుపు పోయి సుద్ద ముద్దల్లా ఉన్నాయి.

"పులుసేసి తోమినారు," అంది మాయక్కాళ్. బిడ్డకు ఎవరో వాత పెడితే చూసినట్టు చూసింది. ఆ బాధ ఎంతోసేపు లేదు. చీర దోపుకుని పనిలోకి దిగింది.

అతను నీళ్లు తోడి పోశాడు. ఆమె నానబెట్టి, మెలికల్లో దూరే సన్నని వెదురు పుల్లతో గంధం ఊడదీసింది. కడిగిన ప్రతిదాన్నీ గోటితో మీటి కుడి చెవి దగ్గర పెట్టుకుంది. మంచిదైతే కంగుమంటుంది, చీలినదైతే మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చినవాటిలో నీళ్లు నింపి పొడి బండ మీద పెట్టారు. కాసేపటికి కింద తడి చేరితే పక్కన పెట్టేశారు. మంచివాటిని తుడిచి, అరచేతిలో చుక్క కొబ్బరినూనె రాసుకుని, పాప ఒంటికి రాసినట్టు రాసింది. పోయిన మెరుపు పూర్తిగా రాలేదు గాని, తడి చూపు ఒకటి వచ్చింది. మధ్యాహ్నం తిరిగేసరికి మండపం నిండా శంఖాలు వరసల్లో పరుచుకున్నాయి. బయట వాన, లోపల తెలుపు. మాయక్కాళ్ నడుము పట్టుకుని నిలబడి ఆ వరసలను చూసుకుంది. ముఖమంతా వెలుగు.

తెచ్చిన కొత్తవన్నీ పెట్టినా ఒక్కటి తక్కువైంది. మళ్లీ ఎంచినా అంతే.

"పోతే పోనీ, చూస్తాము," అంటూ అతను వచ్చి ఆమె ఎడమ పక్కన కూర్చున్నాడు. ఆమె వంగి ఒక శంఖం తుడుస్తోంది. ఊపిరి చెంపకు తగిలింది. ఆమె చెయ్యి ఆగింది. తల ఎత్తలేదు.

స్తంభం దగ్గర పూలదారం పటుక్కున తెగింది.

"ఏమే పాపా!" అని వళ్ళియమ్మాళ్ గుడి దద్దరిల్లేటట్టు అరిచింది, తెలుగులో. "ఆయప్ప అంత మెల్లగా, అంత ఇదిగా అడగతా ఉండాడే, ఉలకవు పలకవు! చెవుడా నీకు?"

మాయక్కాళ్ తలెత్తింది. "ఆ పక్క చెవుడే అవ్వా."

ముసలావిడ కుళందైసామి వైపు తిరిగింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"అది తెలిసే ఆ పక్క కూచుంటివా? ఓరి మొగోడా!"

"అవ్వా, నీకు తెలుగు వస్తుందా?" అన్నాడు నీరసంగా. ఆ సీమలో తెలుగు తెలియని ఊరు కావాలంటే వెతుక్కోవాలి. ఆ సంగతి ఆ క్షణాన మరిచిపోయాడు.

"మా ఇంటి మాట నాకు రాకేమి? లే, లేచి ఇటు పక్క వచ్చి చెప్పు."

"ఏమని అడిగినాడవ్వా?" అంది మాయక్కాళ్.

"నేను చెప్తే బాగుండదు. ఆయప్పే చెప్పల్ల."

కుళందైసామి లేచాడు. అటు నుంచి ఇటు రావాలంటే వరసలన్నీ దాటాలి. ఒక్క శంఖమూ కదలకుండా కాలి వేళ్ల మీద, కొంగ నడిచినట్టు నడిచి వచ్చాడు. ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. అతను మాయక్కాళ్ కుడి పక్కన కూర్చున్నాడు.

"తూత్తుకుడికి వచ్చేస్తావా? నాతో ఉండేదానికి. కల్యాణం చేసుకొని." శంఖాల వైపు చూస్తూ, "నా కూతురు కూడా అడగమనింది," అన్నాడు.

మాయక్కాళ్ చేతిలో గుడ్డను మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

"ఆ పక్క ఎన్ని తూర్లు అడిగినావు?"

"లెక్క పెట్టలేదు."

"ఎందుకు ఆ పక్క?"

"ఈ పక్క అడిగితే లేదంటావేమోనని."

"ఆ పక్క అడిగితే?"

"ఒక్క నాడూ లేదనలేదు గదా."

మాయక్కాళ్‌కు నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. కళ్ల నీళ్లు తిరిగేదాకా నవ్వింది. ఆమె నవ్వడం చూసి అతనికీ కొంచెం ధైర్యం వచ్చింది. సంచీలో చెయ్యి పెట్టి తువ్వాలులో చుట్టిన శంఖం ఒకటి తీశాడు. అరచేతిలో ఇమిడేంత. "ఇది నీ కోసం ఎత్తి పెట్టినాను. కుప్పలో కనపడినప్పుడే అనుకొంటిని," అని ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని ఏ శంఖాన్నయినా చూసినట్టే చూసింది. గోటితో మీటి కుడి చెవి దగ్గర పెట్టుకుంది. లోపల వేలు పెట్టి మడతలు తడిమింది. వాకిట్లోకి వెళ్లి వెలుతురుకు ఎత్తి పట్టి చీలిక ఉందేమో చూసింది. పురుగు తొలిచిన రంధ్రం ఉందేమో అని తోక దాకా వెతికింది. నీళ్లు నింపి బండ మీద పెట్టి, పక్కన కూర్చుని ఎదురుచూసింది. కుళందైసామి చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. వళ్ళియమ్మాళ్ పూలు కట్టడం మానేసి చూస్తోంది.

బండ పొడిగానే ఉంది.

మాయక్కాళ్ నీళ్లు ఒంపి, శంఖాన్ని తుడిచి, నూనె చెయ్యి రాసి, వరసలో ఖాళీగా ఉన్న చోట పెట్టింది.

"అది నీకు గదా తెస్తిని," అన్నాడు అతను.

"సామికి ఉండనీ. నేనే అక్కడికి వస్తా ఉండానే, మళ్లీ నాకొక సంగు ఎందుకు?"

అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ముసలావిడకు వెంటనే అర్థమైంది. బోసినోట్లో నాలుక ఆడిస్తూ, పెళ్లిళ్లలో ఆడవాళ్లు పెట్టే కులవ పెట్టింది. అప్పుడే టీ తెచ్చిన సెంథిల్‌కుమార్ గుమ్మంలో నిలబడిపోయి, అభిషేకం రేపు గదా అన్నట్టు చూశాడు.

తిరిగి వస్తూ విరుదునగర్ బస్టాండు దగ్గర నూనెలో వేయించిన పరోటాలు తిన్నారు. కరకరలాడుతున్నాయి. తింటున్నంతసేపూ ఆ కరకర తన రెండు చెవుల్లోనూ వినిపిస్తోందని మాయక్కాళ్ చెప్పింది. అతను ఇంకో రెండు తెప్పించాడు.

కోవిల్‌పట్టిలో ఆమె దిగింది. అతను అదే ఊళ్లో తూత్తుకుడి బస్సు పట్టుకున్నాడు. ఇంటికి వెళ్లేసరికి పాండిసెల్వి పొయ్యి ముందు కూర్చుని పులుసు కలుపుతోంది. మాయక్కాళ్ గడపలోనే నిలబడింది. దారి పొడుగునా ఎన్నో విధాలుగా అనుకున్న మాట ఒక్కటీ నోటికి రాలేదు.

"వదినె, ఆయప్ప అడిగినాడు."

పాండిసెల్వి గరిటె ఆపకుండానే, "ఈ తూరి ఏ పక్క అడిగినాడు?" అంది.

మాయక్కాళ్ నివ్వెరపోయింది. "నీకు తెలుసునా?"

"మీ కొట్టుకు సాంబ్రాణికి నేను రావడం లేదా? ఆయప్ప నీ చెవిలో గొణిగేది, నువ్వు కళ్లు మూసుకొని కూచునేది చూడలేదా? బజారంతా చూసింది."

"నేనేమీ..."

"ఇంగోటి చెప్పనా? ఇన్ని ఏండ్లలో ఒక్క నాడైనా ఆయప్పను నువ్వు అన్నా అని పిలిచినావా? పాలు పోసేవాణ్ణి అన్నా అంటావు, బస్సు కండక్టరును అన్నా అంటావు. ఆయప్ప వస్తే మాత్రం వాయి మూసుకొంటావు. నాకు అప్పుడే తెలిసిపోయె."

మాయక్కాళ్ వచ్చి పక్కన కూర్చుంది. పొయ్యి వెలుగులో ఇద్దరి ముఖాలూ ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు ఒక్కతే అవుతావే వదినె."

"ఒక్కతేనా? వీధి నిండా జనం. ఫ్యాక్టరీ నిండా జనం. నీతో అరిచి అరిచి నా గొంతు పోయిండాది, దానికి కొంచెం ఓపిక వస్తుంది." పులుసు కుండ దించి, చాలాసేపు అటు తిరిగి మూత సర్దింది. ఇటు తిరిగినప్పుడు నవ్వుతూనే ఉంది. "మీ అన్న ఉంటే ఆయప్పకు ధోవతి తెచ్చుండేవాడు. నేను తెస్తాను."

సంక్రాంతి వచ్చే తై నెలలో గుళ్లో దండలు మార్చుకున్నారు. రామకృష్ణన్ కొట్టు మూసి వచ్చాడు. ఈసారి కుడి పక్క నిలబడి మాట్లాడాడు. ఎవరు చెప్పారో మరి. వళ్ళియమ్మాళ్ ఊరి నుంచి తన చేతి పూలు మోసుకుని వచ్చి, రాగానే కులవ మొదలుపెట్టింది. పెరట్లో పని ఎలాగని కొట్టులో బెంగపడితే, పాండిసెల్వి ఆదివారాలు తాను వస్తానంది. పులుసు వాడకూడదని మాయక్కాళ్ ఆమెకు ఎన్నోసార్లు చెప్పింది. "తెలుసులేవే, పులుసు కూటికే," అని వదిన కసిరింది.

మరునాటి పొద్దున బస్సు. ఒక ట్రంకు పెట్టె, ఒక సంచి. పాండిసెల్వి బస్టాండు దాకా వచ్చి, చుట్టూ ఉన్నవాళ్లంతా తిరిగి చూసేటట్టు, "పోయి చేరినాక ఫోను చెయ్యి! చేపలు జాగర్తగా తిను, ముల్లుంటుంది!" అని అరిచింది. మాయక్కాళ్ కిటికీలోంచి తల మొత్తం బయటికి పెట్టి నవ్వుతూ చెయ్యి ఊపింది. బస్సు ఎట్టయపురం రోడ్డు వైపు మలుపు తిరిగే దాకా ఆ చెయ్యి కనిపించింది.

పాండిసెల్వి ఇంటికి వచ్చి వాకిలి చిమ్మింది. అన్నం వండుకుంది, ఇద్దరికి సరిపోయేంత. చూసుకుని తనలో తనే నవ్వుకుని, సగం పొరుగింటికి ఇచ్చి వచ్చింది. రాత్రి పరుపు పరవబోతూ ఆగింది. దిండు తీసుకుపొమ్మని ఎంత చెప్పినా, అక్కడ లేవా దిండ్లు అని వదిలేసి పోయింది ఆ పిల్ల. సాయంత్రం పాండిసెల్వి దాన్ని ఎండలో వేసి దూది దులిపి పెడదామనుకుంది గాని, చెయ్యి రాలేదు. గోడ పక్కన, చాప చుట్ట మీద, బూరుగు దూది దిండు, నడుమ మాయక్కాళ్ తల ఆనిన గుంటతో, అలాగే ఉంది.